గంజాయిని చట్టబద్ధం చేయాలా? కొండల వైపు నుంచి చూస్తే

గంజాయిని చట్టబద్ధం చేయాలా, వద్దా అన్న చర్చ మన దేశంలో చాలా ఏళ్లుగా నడుస్తోంది. పార్లమెంటులో ఆ మాట ఎత్తినవాళ్లున్నారు. కోర్టు మెట్లెక్కినవాళ్లున్నారు. వద్దే వద్దని గట్టిగా వాదించేవాళ్లూ ఉన్నారు. ఈ చర్చ ఎక్కడ జరిగినా విశాఖ మన్యం పేరు వినబడుతుంది. మన్యంలో బతికేవాళ్ల మాట మాత్రం వినబడదు.

మేము పెదబయలు మండలంలో పిల్లలకు చదువు చెప్పేవాళ్లం. పై తరగతుల పిల్లలు, పాడేరులోనో విశాఖలోనో కాలేజీ చదివి వచ్చిన కుర్రాళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "కెనడాలో కొట్టు పెట్టి అమ్ముతున్నారట, మన దగ్గర మాత్రం పదేళ్ల జైలు ఎందుకు?" అని. ఇది అడగదగ్గ ప్రశ్నే. నోరు మూసుకో అంటే ఆ ప్రశ్న పోదు, సంత దారిలో ఇంకొకడి దగ్గర జవాబు వెతుక్కుంటుంది. ఆ ఇంకొకడు ఎవడో మనకు తెలుసు. కాబట్టి చరిత్ర తెరిచి చూద్దాం.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచింది ఒక్కటే. మత్తు పదార్థాల మీద చట్టాలు మన కొండలెక్కి వచ్చిన ప్రతిసారీ లాభం దళారికి, శిక్ష కొండవాడికి దక్కాయి. చట్టం బిగిసినప్పుడూ అంతే, వదులైనప్పుడూ అంతే. అందుకని 'చట్టబద్ధం చేయాలా' అన్న ప్రశ్న కన్నా ముందు 'ఎవరి పేరున' అన్న ప్రశ్న మనం అడగాలి.

కల్లు పన్నుతో మొదలు

గంజాయి కన్నా ముందు కల్లు కథ చెప్పుకోవాలి. ఎందుకంటే మత్తు మీద సర్కారు చేయి వేయడం మన కొండల్లో కల్లుతోనే మొదలైంది. తాటి కల్లు, జీలుగు కల్లు ఆదివాసీకి తిండిలో భాగం. ధాన్యం అయిపోయిన నెలల్లో కల్లు, అంబలి తాగి బతికిన కుటుంబాలు ఎన్నో. చెట్టు ఎవరిదో, ఎవరు గీయాలో ఊరికి తెలుసు. పండగకు మొదటి కల్లు దేవతకు పోస్తాం. దానికి కాగితం, ముద్ర అవసరం లేకపోయింది.

బ్రిటిష్ ప్రభుత్వం ఆబ్కారీ నిబంధనలు తెచ్చాక సొంతానికి కల్లు గీసుకోవడం కూడా తప్పయింది. కల్లు మీద వసూలు చేసుకునే హక్కు మైదానం నుంచి వచ్చిన కాంట్రాక్టర్ల చేతికి వెళ్లింది. రంప మున్సబుదారు తన వంతు పన్ను తాను వేశాడు. చిగురు పన్ను అని దానికి పేరు. ఆ పైన షావుకార్ల అప్పులు. కొండవాడు ఎక్కడో ఉన్న కోర్టుకు వెళ్లలేడు కాబట్టి అతను లేకుండానే తీర్పులు వచ్చేవి, ఇంటి ముందు పశువులు జప్తు అయ్యేవి. 1879 మార్చిలో రంప కొండలు తిరగబడ్డాయి. ఆ పితూరి గొలుగొండ కొండలకు, భద్రాచలం వైపుకు పాకింది. దాన్ని అణచడానికి ప్రభుత్వానికి ఏడాదికి పైగా పట్టింది.

పాఠ్యపుస్తకంలో ఇది తిరుగుబాటుగా రెండు వాక్యాల్లో ఉంటుంది. మనం గమనించవలసింది ఇంకొకటి ఉంది. ఆనాడు సర్కారు కల్లును నిషేధించలేదు. లైసెన్సు పెట్టింది. అంటే ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే 'చట్టబద్ధం' చేసింది. ఆ లైసెన్సు కొండవాడి చేతికి రాలేదు. తన చెట్టు కల్లు తాను తాగడానికి ఇంకొకడికి డబ్బు కట్టవలసి వచ్చింది. చట్టబద్ధం అన్న మాట వినగానే మన పెద్దల రక్తంలో ఉన్న ఈ అనుభవం గుర్తుకు రావాలి.

1922లో చింతపల్లి పోలీసు స్టేషనుతో దాడులు మొదలుపెట్టిన అల్లూరి సీతారామరాజు కూడా ముందుగా ఊళ్లు తిరిగి చెప్పిన మాటల్లో రెండు ముఖ్యమైనవి: తాగుడు మానండి, తగవులు కోర్టుకు కాక పంచాయితీలో తీర్చుకోండి. మత్తు, కోర్టు ఈ రెండూ కలిసి కొండను ఎలా పిండుతాయో ఆయన చూశాడు కాబట్టే ఆ రెండింటినీ కలిపి చెప్పాడు.

గంజాయి చట్టబద్ధంగా ఉన్న రోజులు

ఇప్పటి పిల్లలకు నమ్మబుద్ధి కాని విషయం ఏమిటంటే, మన దేశంలో గంజాయి చాలాకాలం చట్టబద్ధంగానే ఉండేది. ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చేది, పన్ను వసూలు చేసేది.

గంజాయి వల్ల జనం పిచ్చివాళ్లవుతున్నారని 1893లో బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్న వచ్చింది. దాని మీద భారత ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. ఏడుగురు సభ్యుల్లో ముగ్గురు భారతీయులు. వాళ్లు దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షుల మాటలు రాసుకున్నారు. పిచ్చాసుపత్రుల రిజిస్టర్లు తెప్పించి చూశారు. అక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి బయటపడింది. రోగికి పిచ్చి ఎందుకు వచ్చిందన్న గడిలో 'గంజాయి' అని రాసింది చాలాచోట్ల వైద్యుడు కాదు, రోగిని తీసుకొచ్చిన పోలీసు. వేరే కారణం తెలియకపోతే అదే రాసేవారు. 1894లో కమిషన్ ఇచ్చిన నివేదిక ఇలా తేల్చింది: మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదు, మితిమీరితే హాని ఉంది, పూర్తిగా నిషేధించనవసరం లేదు, పన్ను వేసి లైసెన్సుతో అదుపు చేస్తే చాలు.

చట్టబద్ధం చేయాలనేవాళ్లు ఈ నివేదికను ఇవాళ్టికీ ముందు పెడతారు. అది మంచి నివేదికే, మా విద్యార్థులకు చరిత్ర ఆధారాలను ఎలా పరీక్షించాలో చెప్పడానికి పనికొస్తుంది. కానీ రెండు మాటలు కలిపి చెప్పాలి. ఆ కమిషన్‌లో భారతీయులుగా కూర్చున్నవాళ్లు రాజులు, జమీందారులు, పెద్ద ఇళ్లవాళ్లు. కొండ నుంచి ఒక్కరూ లేరు. రెండోది, 130 ఏళ్ల కిందటి గంజాయి గురించి రాసిన మాటను ఇప్పటి మందమైన సరుకుకు యథాతథంగా అంటించలేం. చదువుకునే వయసులో మొదలుపెట్టి రోజూ వాడేవాళ్లలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతింటాయని, కొందరిలో మానసిక వ్యాధి ముప్పు పెరుగుతుందని ఇప్పటి వైద్యం చెబుతోంది.

మన తెలుగు నేల సంగతి చూడండి. ఆ రోజుల్లో మద్రాసు రాష్ట్రంలో అమ్మకానికి గంజాయి ప్రధానంగా పండించిన చోట్లు రెండు. ఒకటి అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలో దగ్గుబాడు పరిసరాలు. రెండోది ఉత్తర ఆర్కాటు జవ్వాది కొండలు. దగ్గుబాడు సముద్రానికి దగ్గరి మైదానం. అంటే చట్టం ఒప్పుకున్న రోజుల్లో తెలుగునాట ఈ పంటకు పేరుపడ్డది మైదానపు రైతు. చట్టం ఒప్పుకోని రోజుల్లో పేరుపడ్డది మన కొండ రైతు. గంజాయి ఆదివాసీ సంస్కృతి అని, కొండవాళ్లకు అది పుట్టుకతో వచ్చిన పంట అని రాసేవాళ్లకు ఈ చరిత్ర చెప్పాలి. పెరట్లో ఒకటి రెండు మొక్కలు ఉండడం వేరు, లారీలకు ఎత్తే పంట వేరు.

బెంగాల్‌లోని నవ్‌గావ్ కథ ఇంకా తెలుసుకోదగ్గది. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. అక్కడ గంజాయి సాగు పూర్తిగా లైసెన్సు కింద జరిగేది. పంటంతా ప్రభుత్వ గిడ్డంగికే చేరాలి. మొదట్లో అక్కడ కూడా లాభమంతా దళారులు తిన్నారు. 1917లో రైతులు సహకార సంఘంగా ఏర్పడ్డారు. అమ్మకం సంఘం చేతికి వచ్చాక ఆ డబ్బుతో బడులు, వైద్యశాలలు, రోడ్లు వచ్చాయి. 1987లో బంగ్లాదేశ్ ఆ సాగును ఆపేసింది. పంట అదే, చట్టం అదే. సంఘం రాకముందు ఒక బతుకు, సంఘం వచ్చాక ఇంకొక బతుకు. తేడా తెచ్చింది మొక్క కాదు, పండించేవాళ్ల చేతికి వచ్చిన హక్కు.

ఆకుకూ పువ్వుకూ మధ్య గీత

1961లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో మత్తుమందుల మీద ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. వైద్యానికి తప్ప గంజాయి వాడకాన్ని 25 ఏళ్లలో ఆపాలని అందులో ఉంది. మన దేశంలో పండగలకు, పూజలకు భంగు తాగే అలవాటు ఉంది కాబట్టి గింజను, ఆకును ఆ ఒప్పందపు నిర్వచనంలోంచి తప్పించారు. ఆ ఒప్పందాన్ని అనుసరించి వచ్చిందే మన ఎన్డీపీఎస్ చట్టం. అది 1985 నవంబరు 14న అమలులోకి వచ్చింది.

ఈ చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ పట్టిన కొనలు. కొనలతో కలవకుండా విడిగా ఉన్న ఆకు, గింజ గంజాయి కిందికి రావు. అందుకే ఉత్తర భారతంలో కొన్నిచోట్ల ప్రభుత్వ లైసెన్సుతో భంగు దుకాణాలు నడుస్తున్నాయి. హోలీకి భంగు తాగినవాడు నేరస్థుడు కాడు. ఒకే మొక్కలో ఆకు పండగ అయింది, పువ్వు నేరం అయింది. గీత ఎక్కడ గీయాలో నిర్ణయించినవాళ్లు తమ అలవాటును గీతకు ఇవతల ఉంచుకున్నారు. ఇది కోపం తెచ్చుకోవడానికి చెప్పడం లేదు. చట్టం ఆకాశం నుంచి ఊడిపడదని, కూర్చుని రాసేవాళ్లలో మనవాళ్లు ఉంటే ఒక రకంగా, లేకపోతే ఇంకొక రకంగా ఉంటుందని తెలియడానికి చెబుతున్నాం.

శిక్షలు ప్రతి ఉపాధ్యాయుడికీ నోటికి వచ్చి ఉండాలి. గంజాయి సాగు చేస్తే పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. దగ్గర ఉంచుకున్నా, మోసినా బరువును బట్టి శిక్ష. కిలో కన్నా తక్కువ అయితే ఏడాది వరకు జైలు. కిలో నుంచి 20 కిలోల వరకు అయితే పదేళ్ల వరకు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం అంటారు. దానికి తక్కువలో తక్కువ పదేళ్లు, ఎక్కువలో ఎక్కువ 20 ఏళ్లు. జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు. వాణిజ్య పరిమాణం కేసులో బెయిలు దొరకడం చాలా కష్టం. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని, బయటికి వస్తే మళ్లీ అలాంటి నేరం చేయడని కోర్టుకు అనిపించాలి.

ఇప్పుడు ఈ లెక్కను మన దారుల్లో పెట్టి చూడండి. కొండ దిగువ వరకు ఒక బస్తా మోసినందుకు కుర్రాడికి దక్కేది మోత కూలి. ఆ బస్తా 20 కిలోలు దాటిందంటే, చట్టం ముందు ఆ కుర్రాడూ, నగరంలో కూర్చుని సరుకు తెప్పించుకునేవాడూ ఒకే తూకంలో ఉంటారు. దొరికేది మాత్రం ఎప్పుడూ బస్తా కింద ఉన్నవాడే. ఎందుకంటే తూకం సరుకును బట్టి ఉంది, లాభాన్ని బట్టి లేదు.

మన కొండలకు ఎలా వచ్చింది

మన్యంలో అమ్మకానికి గంజాయి పెంచడం గత కొన్ని దశాబ్దాల్లో పెరిగింది. తమిళనాడు, కేరళ, మైదాన ప్రాంతాల నుంచి వ్యాపారులు వచ్చారు. విత్తనం, ఎరువు, అడ్వాన్సు వాళ్లవి. సీలేరు వైపు శీలావతి అనే రకానికి పేరు రావడం, ఆ పేరు దూరపు నగరాల్లో కూడా వినబడడం ఈ వ్యాపారంతోనే జరిగింది. రోడ్డు లేని గూడేలు, పక్కనే ఒడిశా సరిహద్దు, ఒకవైపు మావోయిస్టులు, ఇంకొకవైపు పోలీసులు. ప్రభుత్వ మనిషి రాలేని చోటికి షావుకారు మాత్రం రాగలిగాడు.

ఇక్కడ మన భూమి చట్టం సంగతి అర్థం చేసుకోవాలి. 1917లో ఒక చట్టం, తరువాత 1959 నిబంధన, దాన్ని గట్టి చేసిన 1970 నాటి ఒకటో నిబంధన, అంటే మనం '1/70' అని పిలుచుకునేది, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కాపాడుతున్నాయి. అది మన కంచె. ఆ కంచె లేకపోతే అరకు రోడ్డు పక్కన మనకు సెంటు భూమి మిగిలేది కాదు. కానీ గంజాయి వ్యాపారి ఆ కంచెనే తన ముసుగుగా వాడుకున్నాడు. భూమి పట్టా ఆదివాసీది, పోడు ఆదివాసీది. వ్యాపారి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. పంట దొరికితే కేసు భూమి పేరున వస్తుంది. పంట అమ్ముడైతే డబ్బు పేరు లేనివాడికి పోతుంది.

మనవాళ్లు ఎందుకు ఒప్పుకున్నారని అడిగేవాళ్లకు మా జవాబు సంతలో ఉంది. వలిసెలు, సామలు, రాగులు, పసుపు, పిప్పళ్లు, రాజ్మా, అడ్డాకులు, కొండచీపుర్లు. ఇవన్నీ తలమీద పెట్టుకుని మైళ్లు నడిచి సంతకు తెస్తే ధర చెప్పేది కొనేవాడు. మధ్యాహ్నం దాటితే ఇంకా తగ్గిస్తాడు, తిరిగి మోసుకెళ్లలేమని వాడికి తెలుసు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, దాని వల్ల మేలూ జరిగింది. కానీ అన్ని పంటలకు, అన్ని గూడేలకు అది చేరలేదు. గంజాయి వ్యాపారి మాత్రం ఇంటి ముందుకు వచ్చాడు, పంట రాకముందే డబ్బు చేతిలో పెట్టాడు. పెళ్లికో, జ్వరానికో, పిల్లవాడి చదువుకో అప్పు కావలసినప్పుడు బ్యాంకు దూరం, ఆ మనిషి దగ్గర.

కాఫీ మన కొండలకు గంజాయి కన్నా ముందే వచ్చింది. 1898లో తూర్పు గోదావరి కొండల్లో ఒక బ్రిటిష్ అధికారి మొదట నాటించాడని చెబుతారు. తరువాత అరకు, పాడేరు, చింతపల్లి వైపు విస్తరించింది. గిరిజన సహకార సంస్థ, ఐటీడీఏల ద్వారా సిల్వర్ ఓక్ నీడలో, మిరియం తీగతో కలిపి ఆదివాసీ రైతులు దాన్ని నిలబెట్టారు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు ఆగాలి. గంజాయి ఆరు నెలల్లో చేతికి వస్తుంది. ఆ మూడు నాలుగేళ్లు కుటుంబం ఏం తిని ఆగాలన్న ప్రశ్నకు జవాబు ఉన్న ఊళ్లు కాఫీ వైపు నిలబడ్డాయి. లేని ఊళ్లు అటు జారాయి. ఇది స్వభావం సంగతి కాదు, గింజల గాదె సంగతి.

మంటలూ, జైళ్లూ

2021 అక్టోబరు చివర విశాఖ ఏజెన్సీలో 'ఆపరేషన్ పరివర్తన' మొదలైంది. 11 మండలాల్లో పోలీసులు, ఎక్సైజ్ బృందాలు, చాలాచోట్ల ఊరివాళ్లు కూడా కలిసి ఏడున్నర వేల ఎకరాలకు పైగా తోటలు నరికారని పోలీసు శాఖ ప్రకటించింది. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో అంతకు ముందు పట్టుకున్న సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. 2022 ఏప్రిల్ 4న మన 11 మండలాలు కొత్త అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చాయి. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 'ఈగల్' అనే ప్రత్యేక విభాగం పెట్టింది. సమాచారం ఇవ్వడానికి 1972 నంబరు ఇచ్చింది. సాగు బాగా తగ్గింది, ఇది నిజం. ఊరివాళ్లే తమ చేతులతో తోటలు పీకిన చోట్లున్నాయి, అదీ నిజం.

నిజం ఇంకొకటుంది. తోట నరకడానికి ఒక రోజు చాలు, ఆ పొలంలో ఇంకొక పంట నిలబడడానికి ఏళ్లు పడుతుంది. మన ఊళ్లలో విశాఖ కేంద్ర కారాగారం పేరు తెలియని ముసలమ్మ లేదు. కొడుకును చూడడానికి బస్సెక్కడం నేర్చుకున్న తల్లులున్నారు. తెలుగు సరిగా రాక, కుయి, పోర్జా, ఆదివాసీ ఒడియా తప్ప మాట్లాడలేక, తనమీద ఏం రాశారో చదవలేక వేలిముద్ర వేసినవాళ్లున్నారు. 1879లో కోర్టు ఎంత దూరంగా ఉండేదో, ఈ విషయంలో ఇవాళ కూడా అంతే దూరంగా ఉంది. తండ్రి జైల్లో ఉంటే పెద్ద పిల్లవాడు బడి మానేసి మోత కూలికి వెళతాడు. హాజరు పట్టీలో ఆ ఖాళీ గడులు మాకు కనబడతాయి. కేసుల లెక్కల్లో ఆ గడులు ఉండవు.

ఇప్పుడు నడుస్తున్న వాదన

చట్టబద్ధం చేయాలనేవాళ్లు చెప్పే కారణాలు కొట్టిపారేయదగ్గవి కావు. నిషేధం వల్ల వాడకం ఆగలేదు, దొంగ వ్యాపారం పెరిగింది అంటారు. మందుగా పనికొస్తుంది, ప్రభుత్వానికి ఆదాయం వస్తుంది అంటారు. మన పొరుగు ఒడిశా ఎంపీ తథాగత సత్పతి ఈ మాట బహిరంగంగా అన్నారు. పంజాబ్ ఎంపీ ధరమ్‌వీర్ గాంధీ 2016లో చట్టం మార్చాలని ప్రైవేటు బిల్లు తెచ్చారు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మత్తుమందుల కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకరమైన పట్టిక నుంచి తీసేయాలా అని ఓటు పెట్టింది. 27 ఓట్లతో తీర్మానం నెగ్గింది. నెగ్గించినవాటిలో భారతదేశం ఓటు కూడా ఉంది.

వద్దనేవాళ్ల కారణాలూ బరువైనవే. యువత పాడవుతారు, ఒకసారి తలుపు తెరిస్తే మూయలేం అంటారు. థాయిలాండ్ 2022లో గంజాయిని మత్తుమందుల జాబితా నుంచి తీసేసింది, మూడేళ్లు తిరిగేసరికి 2025లో వైద్యుడి చీటీ ఉండాలని మళ్లీ బిగించింది. మన రాష్ట్రంలోనే చూడండి. సారా మీద 1992లో దూబగుంట ఆడవాళ్లు పోరాడారు. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధించారు. ఖజానా గుర్తుకు రాగానే 1997లో ఎత్తేశారు. ఆదాయం కోసం తెరిచిన మత్తు దుకాణాన్ని జనం ఆరోగ్యం కోసం మూయడం ఏ ప్రభుత్వానికీ సులువు కాదు.

ఈ రెండు పక్షాలూ మాట్లాడేది ఎక్కువగా తాగేవాడి గురించి. ఒకరు తాగేవాడి స్వేచ్ఛ అంటారు, ఇంకొకరు తాగేవాడి ఆరోగ్యం అంటారు. పండించేవాడు, మోసేవాడు ఇద్దరి మాటల్లోనూ లేడు. మనం చూడవలసింది పండించేవాళ్ల గురించి ఆలోచించిన దేశాలను.

జమైకా 2015లో చట్టం సడలించింది. కొండల్లో తరతరాలుగా పండించిన చిన్న రైతులకు లైసెన్సు రుసుములు, కంచెలు, కాపలా షరతులు మోయలేని బరువయ్యాయి. పెట్టుబడి ఉన్న కంపెనీలకు దారి సులువైంది. మొరాకోలోని రిఫ్ కొండల్లో అమాజిగ్ జనం ఉంటారు. మనలాగే పేద కొండ ప్రాంతం, మనలాగే కేసుల భయంతో బతికిన ఊళ్లు. 2021లో అక్కడ వైద్యానికి, పరిశ్రమకు మాత్రమే సాగును ఒప్పుకుంటూ చట్టం చేశారు. ఆ కొండ జిల్లాల్లోనే పండించాలి, స్థానిక రైతులు సహకార సంఘాలుగా ఉండాలి అన్నారు. 2024 ఆగస్టులో ఆ దేశపు రాజు గంజాయి సాగు కేసుల్లో ఉన్న 4,831 మందికి క్షమాభిక్ష పెట్టాడు. అక్కడ కష్టాలు తీరిపోయాయని కాదు. కానీ చట్టం మార్చేటప్పుడు పాత కేసుల సంగతి, కొండవాడి హక్కు సంగతి చట్టంలోనే రాయవచ్చని ఆ దేశం చూపించింది.

మన దేశంలో కూడా తలుపు కొంచెం తెరుచుకునే ఉంది. నార కోసం, పరిశ్రమ కోసం జనపనార జాతి మొక్కను ప్రభుత్వ అనుమతితో పండించడానికి ఎన్డీపీఎస్ చట్టంలో 14వ సెక్షన్ వీలు ఇచ్చింది. దాన్ని పట్టుకుని ఉత్తరాఖండ్ 2018లో లైసెన్సులు మొదలుపెట్టింది. రేపు ఎవరైనా పెట్టుబడిదారు ఆ కాగితం పట్టుకుని మన కొండకు వస్తే ఏమనాలో ఇవాళే తెలిసి ఉండాలి.

మనం అడగవలసినవి

రాజ్యాంగం అయిదో షెడ్యూలు మనకు ఇచ్చిన బలం చిన్నది కాదు. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలి. మన రాష్ట్రంలో 2011లో దానికి నిబంధనలు వచ్చాయి. ఈ అధికారం ఉందని ఎన్ని గ్రామసభలకు తెలుసు? అలాగే మన అనంతగిరి మండలం గనుల మీద 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు గుర్తుంచుకోండి. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని అది చెప్పింది. ప్రభుత్వ సంస్థలకు, ఆదివాసీల సహకార సంఘాలకు దారి ఉంచింది. గనికి వర్తించిన న్యాయం రేపటి లైసెన్సు పంటకు ఎందుకు వర్తించకూడదు?

కాబట్టి చర్చలో మన మాట ఇలా ఉండాలని మేము అనుకుంటున్నాం. చట్టం ఇలాగే కొనసాగితే, మోత కూలికి వెళ్లిన కుర్రాడికీ పెట్టుబడి పెట్టినవాడికీ ఒకే తూకం వేయవద్దు. నిందితుడి భాష తెలిసిన దుబాసీ, ఉచిత న్యాయవాది మొదటి రోజు నుంచే ఉండాలి. తోట నరికిన పొలానికి కాఫీ కాపుకొచ్చే వరకు ఆగే ఆసరా కావాలి. రాజ్మాకు, పసుపుకు, పిప్పళ్లకు సంతలోనే న్యాయమైన ధర కావాలి. చట్టం మారితే, లైసెన్సు గ్రామసభ అనుమతితో ఆదివాసీ సంఘానికే రావాలి. వద్దన్న ఊరి మాట చెల్లాలి. పాత కేసుల్లో ఉన్న పేద రైతుల సంగతి అదే చట్టంలో రాయాలి. ఈ మాటలు లేకుండా వచ్చే చట్టబద్ధం 1879 నాటి కల్లు లైసెన్సుకు కొత్త పేరు అవుతుంది.

యువతకు ఒక మాట సూటిగా చెబుతాం. చట్టం రేపు మారవచ్చు, మారకపోవచ్చు. ఇవాళ మీ మీద పడే కేసు ఇవాళ్టి చట్టం ప్రకారమే పడుతుంది. ఎక్కడో దేశంలో కొట్టు ఉందన్న వార్త మన ఘాట్ రోడ్డు చెక్‌పోస్టు దగ్గర మిమ్మల్ని కాపాడదు. నీ బస్తాలో సరుకు ఎవరిదో చెప్పమంటే పేరు చెప్పలేని పనిలోకి వెళ్లవద్దు.

ఉపాధ్యాయులకు ఇంకొక మాట. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలతో కిలో, 20 కిలోలు, పదేళ్లు అన్న లెక్క లెక్కల పీరియడ్‌లోనే చేయించండి. రంప పితూరి పాఠం చెప్పేటప్పుడు చిగురు పన్ను దగ్గర ఆగి, ఆ కల్లు చెట్టు ఎవరిది, పన్ను ఎవరికి పోయింది అని అడగండి. గ్రామసభ జరిగే రోజున పై తరగతుల పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి వెనక వరసలో కూర్చోబెట్టండి. మన గురించి రాసే చట్టాన్ని చదవగలిగిన పిల్లలు ప్రతి గూడెంలో ఇద్దరు తయారైతే, రేపు ఏ కమిషన్ వచ్చినా సాక్షుల జాబితాలో మన పేర్లు ఉంటాయి.